ఇంటి టార్చిలైటు: వెలుగు ఎంత, గంటలు ఎన్ని?

కృష్ణా డెల్టాలో టార్చిలైటు లేని ఇల్లు అరుదు. పల్లెలలో దీనిని బ్యాటరీ లైటు అంటారు. రాత్రివేళ చేనికి నీరు కట్టబోయే రైతు, కైకలూరు ప్రాంతపు చెరువు గట్ల మీద రొయ్యల మేత చూసుకొనే కాపలాదారు, అర్ధరాత్రి గేదె ఈనుతున్నదని దొడ్డిలోకి పరుగెత్తే ఇల్లాలు, అందరికీ కావలసినది ఇదే. అయినా దీనిని కొనేటప్పుడు జరిగే పరీక్ష మాత్రం చాల చిన్నది. విజయవాడ బీసెంటు రోడ్డులో గాని, ఊరి కిరాణా కొట్టులో గాని అమ్మేవాడు కొత్త బ్యాటరీలు వేసి మీట నొక్కుతాడు. ఎదుటి గోడ మీద తెల్లని గుండ్రని వెలుగు పడుతుంది. రెండు మూడు రకాలు వెలిగించి, వాటిలో కళ్లు చెదరగొట్టిన దానిని తీసుకొని కొన్నవాడు ఇంటికి పోతాడు.

ఆ పరీక్ష వలన తెలిసేది మొదటి నిమిషపు సంగతి. ఇంటికి కావలసినది పదో గంట సంగతి, ఆరు నెలలు అలమరలో పడి ఉన్న తరువాతి సంగతి. ఈ రెండింటినీ గురించి అట్టపెట్టె మీద ఒక్క మాటైనా ఉండటం అరుదు.

ఇది కేవలం డబ్బు లెక్క అయితే ఇంత విచారణ అక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలమంది ప్రాణాలను తీసుకుపోయింది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల భారీ వర్షాలకు బుడమేరు పొంగి, గట్లు తెగి, విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం మొదలైన పేటలు నీటిలో మునిగినవి. నీరు నిలిచిన చోట విద్యుత్తు ఆపివేయక తప్పదు. మేడ మీదికి చేరిన కుటుంబాలు రాత్రులకు రాత్రులు చీకటిలో గడిపినవి. ఇటువంటి విపత్తులు లేని ఏడాదిలో కూడ వానకాలపు రాత్రులలో పాము భయం ఉండనే ఉన్నది. 2018 వానకాలంలో అవనిగడ్డ పరిసరాలలో పాముకాట్లు ఎక్కువై పత్రికలకెక్కినవి. కట్లపాము రాత్రి సంచరించేది. రక్తపింజర గడ్డిలో కనబడనే కనబడదు. కాలు పెట్టే చోట వెలుగు పడుతున్నదా లేదా అన్నది అక్కడ ప్రాణంతో ముడిపడిన ప్రశ్న.

టార్చిలైటు యోగ్యతను నిర్ణయించేది ముందుగా దానిలోని ఘటం. వాడుకలో బ్యాటరీ అనే ఈ వస్తువుకు పాఠ్యపుస్తకాల పేరు నిర్జల ఘటం. 1866లో జార్జి లెక్లాంచి అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాజు పాత్రలో నవసాగర ద్రావణం పోసి ఘటం నిర్మించాడు. రెండు దశాబ్దాల తరువాత కార్ల్ గాస్నర్ అనే జర్మను ఆ ద్రావణాన్ని పేస్టుగా మార్చి తుత్తునాగపు డబ్బాలో బంధించాడు. అప్పటి నుంచి ఘటాన్ని ఎటు తిప్పినా ఒలికిపోయే బాధ తప్పింది. 1899లో డేవిడ్ మిసెల్ పేరిట అమెరికాలో గొట్టపు ఆకారపు చేతిదీపానికి పేటెంటు లభించింది. ఆనాటి ఘటాలు బలహీనమైనవి. దీపాన్ని కొన్ని క్షణాలు వెలిగించి ఆర్పవలసి వచ్చేది. ఆంగ్లంలో ఫ్లాష్‌లైటు, అనగా మెరుపు దీపం, అన్న పేరు అందువల్లనే వచ్చిందని చెబుతారు. భారతదేశంలో ఎవరెడీ పేరు 1905 నుంచి వినబడుతున్నది. 1970 దశకం నుంచి నెల్లూరు ప్రాంతంలోనే నిప్పో ఘటాలు తయారైనవి. ఆ రోజుల ఇత్తడి, ఉక్కు టార్చిలైట్లు కొన్ని ఇళ్లలో ఇప్పటికీ కనిపిస్తవి.

ఈ సాధారణ ఘటంలో తుత్తునాగపు డబ్బాయే ఋణ ధ్రువం. నడుమ బొగ్గు కడ్డీ, దాని చుట్టూ మాంగనీసు డై ఆక్సైడు, బొగ్గుపొడి కలిపిన నల్లని ముద్ద. ఘటం పని చేస్తున్నంతసేపు డబ్బా లోపలి నుంచి కరిగిపోతూ ఉంటుంది. ఈ ఒక్క వాక్యాన్ని గుర్తుంచుకుంటే తరువాత చెప్పబోయే అనర్థాలలో సగం వాటంతట అవే అర్థమవుతవి. కొత్త ఘటం విద్యుచ్చాలక బలం 1.5 వోల్టులు. పెద్దదైనా సన్నదైనా ఇది ఒక్కటే. తేడా అంతా లోపలి సరకులోనే ఉన్నది. పెద్ద ఘటం బరువు సుమారు 100 గ్రాములు. సన్న పెన్సిలు ఘటం 10 గ్రాములైనా తూగదు.

పాత టార్చిలో ఉండే చిన్న బల్బు రెండు ఘటాల మీద ఇంచుమించు 0.3 ఆంపియరు ప్రవాహాన్ని తీసుకొనేది. అనగా మూడు పావుల వాట్టు. దానిలో అధిక భాగం తంతువును కాల్చడానికే ఖర్చు. వెలుగుగా బయటపడేది ఆరేడు ల్యూమెన్లు. ఎల్.ఇ.డి. వచ్చి ఈ లెక్కను తలకిందులు చేసింది. తెల్లని వెలుగునిచ్చే ఎల్.ఇ.డి.కి మూలమైన నీలి డయోడును సాధించినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమతి లభించింది. అర వాట్టు శక్తితో ఈ డయోడు 40 ల్యూమెన్లకు పైగా ఇవ్వగలదు.

ఇంతటి లాభం చేతికి వస్తే దానిని రెండు విధాల ఖర్చు చేయవచ్చును. పాత వెలుగుతోనే తృప్తిపడి ఎన్నో రెట్లు ఎక్కువ గంటలు పొందవచ్చు. లేదా పాత గంటలతోనే ఎన్నో రెట్లు ఎక్కువ వెలుగు పొందవచ్చు. లెక్క వేసి చూడండి. రెండు పెద్ద ఘటాల నుంచి నిజంగా దక్కేది సుమారు 12 వాట్‌గంటలు. పాత బల్బు దానిని 16 గంటలలో తినివేస్తుంది. వలయంలో పోయే నష్టం తీసివేస్తే అర వాట్టు ఎల్.ఇ.డి.కి 18 గంటలు వస్తవి. వెలుగు ఆరు రెట్లు, గంటలు దాదాపు అవే. అదే డయోడును పదో వంతు వాట్టు మీద నడిపితే పాత బల్బుకు తగ్గని వెలుగుతో 90 గంటల దాకా సాగుతుంది. మూడు చీకటి రాత్రులకు కావలసినవి 33 గంటలే. అయినా అంగళ్లలోని చవక టార్చిలలో అధిక భాగానికి తక్కువ వెలుగు మీట ఉండదు. ఉన్నవాటిలో కూడ ఆ మీట పక్కన దీపం టకటక కొట్టుకొనే మీట ఒకటి పెడతారు. అది ఎవరికి ఉపయోగమో అమ్మేవాడే చెప్పాలి. అంగడిలోని ఒక్క నిమిషపు పరీక్షలో నెగ్గడానికే ఈ వస్తువులు రూపొందుతున్నవి. ఎల్.ఇ.డి. ఇచ్చిన వరాన్ని తయారీదారులు దాదాపు అంతా వెలుగుకే ధారపోశారు. ఈ రకం దీపాలపై చేయదగిన ప్రధాన విమర్శ ఇదే.

ఈ దోషానికి పరాకాష్ఠ మూడు సన్న ఘటాల టార్చి. అరచేతిలో ఇమిడే ఈ దీపం ముందు భాగాన తొమ్మిది చిన్న ఎల్.ఇ.డి.లు పూవు వలె అమర్చి ఉంటవి. తొమ్మిది ఉన్నవి కనుక వెలుగు తొమ్మిది రెట్లని కొనేవారు భ్రమపడతారు. మంచి డయోడు ఒక్కటి ఆ తొమ్మిదింటినీ మించిపోతుంది. మూడు సన్న సాధారణ ఘటాలలో కలిపి ఉన్నది రెండు వాట్‌గంటల లోపే. ఒక వాట్టు దీపానికి అది లెక్క ప్రకారమే రెండు గంటలు చాలదు. పైగా సన్న ఘటం అంతర్నిరోధం ఎక్కువ. గట్టిగా లాగితే ఉన్న శక్తిని కూడ పూర్తిగా ఇవ్వదు. బడి సంచిలో పెట్టుకోవడానికి బాగుంటుంది. వరద రాత్రికి పనికిరాదు.

రెండు ఘటాల టార్చిలో మరొక చిక్కు ఉన్నది. తెల్లని ఎల్.ఇ.డి. వెలగడానికి మూడు వోల్టుల దరిదాపు ఒత్తిడి కావాలి. కొత్తవి రెండు ఘటాలు సరిగ్గా మూడు వోల్టులిస్తవి. కొన్ని గంటలు వాడగానే ఒక్కొక్కటి 1.2 వోల్టులకు దిగుతుంది. రెండూ కలిసి 2.4, దీపం మిణుకుమిణుకుమంటుంది. అప్పటికి ఘటంలో చాల భాగం శక్తి మిగిలే ఉన్నది. ఇంటివారు బ్యాటరీ అయిపోయిందని పారవేస్తారు. ఆ ఘటాన్నే గోడ గడియారంలో వేస్తే నెలల తరబడి నడుస్తుంది! ఈ నష్టాన్ని నివారించడానికి మంచి టార్చిలో వోల్టేజిని పెంచే చిన్న వలయం అమర్చుతారు. అది బయటికి కనబడదు. పెట్టె మీద రాసి ఉండదు. దానిని కనిపెట్టే ఉపాయం మాత్రం సులభం. అంగడికి పోయేటప్పుడు సగం వాడిన ఘటాలు రెండు జేబులో వేసుకుపోవాలి. వాటితో కూడ దీపం ఇంచుమించు అదే వెలుగు ఇస్తే లోపల వలయం ఉన్నట్లే. మసకబారితే లేనట్లు. కొత్త ఘటాలతో చేసే పరీక్షలో ఈ రెండు రకాలకూ ఏమాత్రం భేదం కనబడదు.

ఛార్జి చేసుకొనే టార్చిల సంగతి వేరు. రోజూ వాడేవారికి ఇవి నిస్సందేహంగా చవక. ఒక పెద్ద ఘటం ఇచ్చేది ఆరు వాట్‌గంటలు. ఒక యూనిట్టు కరెంటు, అనగా 1000 వాట్‌గంటలు, రావాలంటే అటువంటివి 160కి పైగా కావాలి. ఘటం ఇరవై రూపాయలనుకున్నా యూనిట్టు మూడు వేల రూపాయలు దాటుతుంది. గోడలోని కరెంటుకు, దీనికి పోలికే లేదు. అయితే చవక ఛార్జి టార్చిలలో చాలవాటి లోపల ఉండేది నాలుగు వోల్టుల చిన్న సీసపు బ్యాటరీ. ఇది వాడకపోయినా తనంత తాను కొంత కొంత ఖాళీ అవుతూ ఉంటుంది. కోస్తా వేడిమిలో మరింత త్వరగా. ఖాళీగా ఉండిపోతే పలకల మీద సీసపు సల్ఫేటు గట్టిపడి తిరిగి ఛార్జిని అందుకోలేదు. వేసవిలో కొని మూలన పెట్టి నవంబరు తుపానునాడు తీస్తే మీట నొక్కినా పలకని దీపాలు ఇటువంటివే. నెలకొకసారి ఛార్జి చేసే క్రమశిక్షణ ఉన్న ఇంటికి మాత్రమే ఇవి తగును.

ఇంకొక ప్రమాదం. వీటిలో కొన్నింటిని నేరుగా గోడ సాకెట్టులో గుచ్చుతారు. లోపల ట్రాన్సుఫార్మరు ఉండదు. ఒక కెపాసిటరు ద్వారా 230 వోల్టుల కరెంటునే తగ్గించి వాడుకుంటారు. దీనిలో బ్యాటరీకి, మెయిన్సుకు మధ్య వేర్పాటు లేదు. కనుక గుచ్చి ఉన్నప్పుడు పగిలిన మూత వెనుక ఏ లోహభాగాన్ని తాకినా షాకు కొట్టవచ్చు. సైన్సు మీద ఆసక్తితో ప్రతి వస్తువును విప్పి చూసే పిల్లలకు ఉపాధ్యాయులు ముందుగా చెప్పవలసిన హెచ్చరిక ఇది. యు.ఎస్.బి. తీగతో సెల్‌ఫోను ఛార్జరుకు తగిలించే రకం ఈ విషయంలో నయం.

ఆ రకంలో ఉండేది లిథియం ఘటం. బరువుకు తగినంత శక్తిని నింపుకోవడంలో దీనికి సాటి లేదు. ఖాళీ కావడం కూడ నెమ్మది. అయితే అబద్ధం ఎక్కువగా ఆడేది దీని పెట్టెల మీదనే. బొటనవేలంత లావు, ఆరున్నర సెంటీమీటర్ల పొడవు ఉండే 18650 రకం ఘటాన్ని చాల టార్చిలలో వాడుతారు. ప్రసిద్ధ కర్మాగారాలు తయారుచేసే వాటిలో మేలైనది కూడ సుమారు 3500 మిల్లీ ఆంపియర్ గంటలిస్తుంది. రోడ్డు పక్క దొరికే ఘటం మీద 9900 అని అచ్చు వేసి ఉంటే అంత పదార్థం ఆ గొట్టంలో పట్టడం సాధ్యం కాదని తెలుసుకోవాలి. మేలైన ఘటం తూకం 45 గ్రాముల దరిదాపు. కంసాలి త్రాసు మీద పెట్టిన నాసి ఘటం 30 గ్రాములే తూగితే ఆ అంకె సంగతి అక్కడే తేలిపోతుంది.

చేతిలోని సెల్‌ఫోనే దీపంగా ఉన్నప్పుడు టార్చి ఎందుకు అన్న ప్రశ్న సహజం. ఫోను బ్యాటరీలో సుమారు 19 వాట్‌గంటలున్నవి; రెండు పెద్ద ఘటాల కంటె ఎక్కువే. కాని వరదలో చిక్కినవారు పడవ కోసం పిలవవలసినదీ, బంధువులకు క్షేమం చెప్పవలసినదీ ఆ ఫోనుతోనే. దానిని దీపంగా కాల్చివేయడమంటే విత్తనాల వడ్లు దంచుకొని తినడం వంటిదే.

ఇక ఘటాల ఎంపిక. ఘటం మీద పెద్ద అక్షరాల పొగడ్తలను వదలి చిన్న అక్షరాల గుర్తును చదవాలి. ఆర్20 అంటే పెద్ద సాధారణ ఘటం, ఆర్6 పెన్సిలు ఘటం, ఆర్03 సన్నది. ముందు ఎల్ అక్షరం చేరి ఎల్.ఆర్.6 అని ఉంటే అది ఆల్కలైను ఘటం. సాధారణ పెన్సిలు ఘటానికి ఒక ఆంపియర్ గంట మించి రావడం కష్టం. ఆల్కలైను రెండుకు పైగా ఇస్తుంది, ఏళ్ల తరబడి నిలువ ఉంటుంది. గట్టిగా ప్రవాహాన్ని లాగే దీపంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. కనుక చిన్న టార్చికి ఆల్కలైను ఖరీదు గిట్టుతుంది. పెద్ద ఘటాల టార్చిలో నెమ్మదిగా వెలిగే దీపానికి సాధారణ ఘటమే చాలును. అది ఏ పల్లె కొట్టులోనైనా దొరుకుతుంది. దొరకడం కూడ ఒక గుణమే. ఐ.ఎస్. 8144 అనే భారత ప్రమాణం ఈ ఘటాలకు ఉన్నది, ఐ.ఎస్.ఐ. గుర్తు, తయారైన నెల చూసి కొనాలి. ఛార్జి అయ్యే నికెలు ఘటాలు 1.2 వోల్టులే ఇస్తవి. పైన చెప్పిన వలయం లేని టార్చిలో వాటిని వేస్తే మొదటి రోజు నుంచే దీపం మసకగా ఉంటుంది. తప్పు ఘటానిది కాదు.

ఘటాలను ఎండలో పెట్టి మళ్లీ వాడుకోవడం డెల్టా ఇళ్లలో పాత అలవాటు. కొంచెం ప్రాణం వచ్చిన మాట నిజమే. పనిలేక ఊరుకున్నప్పుడే ఘటం కొంత తేరుకుంటుంది. వేడి వల్ల లోపలి పేస్టులో అయానుల చలనం త్వరపడుతుంది. అయితే అది కొత్తగా పుట్టిన శక్తి కాదు, మిగిలిన అడుగుబొడుగు. అప్పటికి తుత్తునాగపు గోడ పలచబడి ఉంటుంది. ఎండ వేడికి ఎక్కడో చిల్లు పడి ద్రవం కారుతుంది. ఆ ద్రవం స్ప్రింగును తినివేసి పచ్చని చిలుము పట్టిస్తుంది. ఘటం గొట్టంలో బిగిసిపోయి ఎంత కొట్టినా బయటికి రాదు. చవక టార్చిలలో ఎన్నో చచ్చేది వెలిగి వెలిగి కాదు, ఇలా కారిపోయిన ఘటాల వల్లనే. వాడని టార్చి నుంచి ఘటాలు తీసి పక్కన కట్టిపెట్టడం, కొత్తవాటిని పాతవాటితో కలపకపోవడం, ఈ రెండు జాగ్రత్తలు టార్చి ఆయుస్సును ఏళ్లకు ఏళ్లు పెంచుతవి. పాతది కలిపితే జతలోని బలహీనమైన ఘటం మీద ఒత్తిడి పడి అదే ముందు కారుతుంది. ఆల్కలైను ఘటం కారితే తెల్లని పొక్కు కడుతుంది. అది క్షారం; నిమ్మరసంలో తడిపిన గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి, చేతులు కడుక్కోవాలి, కంటికి తగలనీయరాదు.

పాత లోహపు టార్చిలో గొట్టమే తీగ పని చేసేది. నేటి ప్లాస్టిక్కు గొట్టంలో ఒక పలుచని రేకు ఆ పని చేస్తుంది; మచిలీపట్నం, నాగాయలంక వైపు ఉప్పుగాలికి ముందు తుప్పు పట్టేది ఆ రేకే. మూత దగ్గర రబ్బరు చుట్టు ఉన్నదో లేదో వేలితో తడిమి చూడాలి. పొలం గట్టు మీద దూరం చూడటానికి లోతైన పరావర్తకం కావాలి. ఇంటిలో అటువంటి సన్నని కిరణం కళ్లలో పొడుస్తుందే గాని గదిని నింపదు; దీపాన్ని నిలువుగా నిలిపి సున్నం వేసిన కప్పు మీదికి వెలుగు పంపితే గది అంతా సమంగా పరచుకుంటుంది. అడుగు చదునుగా ఉండి నిలబడగల టార్చి అందువల్ల మేలు.

ఇన్నీ చూసిన మీదట డెల్టాలోని సామాన్య గృహస్థుకు తగినది రెండు పెద్ద ఘటాలతో, ఒకే ఎల్.ఇ.డి.తో, వోల్టేజి పెంచే వలయంతో, వీలైతే తక్కువ వెలుగు మీటతో ఉన్న దీపం. చూపులకు మోటుగా ఉంటుంది. అంగడిలో పక్కనున్న మెరుపుల ముందు వెలవెలబోతుంది. రోజువారీ పనికి యు.ఎస్.బి. రకం ఇంకొకటి ఉంటే మంచిదే, ఇది మాత్రం ఉండి తీరాలి. ఛార్జి అయ్యే సీసపు టార్చి ఒక్కదాన్నే నమ్ముకొని తుపాను కాలంలోకి పోరాదు.

ఉన్నత పాఠశాలలో దీనిని చక్కని ప్రయోగంగా చేయవచ్చును. విద్యార్థులు ఇళ్ల నుంచి నాలుగైదు రకాల టార్చిలు తేవాలి. అన్నింటికీ కొత్త ఘటాలు వేసి ఉదయం బడి గంటకు ఒకేసారి వెలిగించి, గంటకొకసారి వోల్టుమీటరుతో ఒక్కొక్క ఘటపు ఒత్తిడిని కొలవాలి. దీపం వెలుగుతుండగా కొలవడం ముఖ్యం. ఆర్పి కొలిస్తే చచ్చిన ఘటం కూడ 1.4 వోల్టులు చూపి మోసగిస్తుంది. వెలుగును సెల్‌ఫోనులోని కాంతి గ్రాహకంతో ఒక మీటరు దూరం నుంచి కొలిచి గ్రాఫు కాగితం మీద గుర్తించాలి. వలయం లేని దీపపు గీత మొదటి గంట నుంచే ఏటవాలుగా జారుతుంది. వలయం ఉన్నదాని గీత చాలసేపు చదునుగా సాగి చివర ఒక్కసారిగా పడిపోతుంది. ఆ పడిపోయేలోగా ఎన్ని గడులు నడిచిందో లెక్కపెట్టి ప్రతి దీపం కింద దాని ఖరీదుతో సహా రాయించాలి. ప్రయోగం ముగిశాక మిగిలిన ఖాళీ ఘటాలను కాల్వలోను, మంటలోను వేయరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వీటికి కూడ వర్తిస్తవి, కనుక వేరుగా పోగుచేసి సేకరించేవారికి అప్పగించాలి. సాధారణ ఘటాలు ఒకటి రెండింటిని ఉపాధ్యాయుడు చేతికి తొడుగు వేసుకొని విప్పితే నీటి విద్యుద్విశ్లేషణకు బొగ్గు కడ్డీలు దొరుకుతవి. ఆల్కలైను, లిథియం ఘటాలను మాత్రం ఎవరూ విప్పరాదు.